ఫోన్‌లో మాట్లాడింది ఎవరు?

"ఏ కాలువ గురించి చెప్పినావు వదినా ఆమెకు?"

ఫోను పెట్టేసిన చోటే నిలబడి అడిగింది సంగీత. 

ప్రమోద రాట్నం ఆపలేదు. చేతిలో ఉన్న కండె నిండేదాకా పట్టుదారం చుట్టి, తెంచి, బుట్టలో వేసింది. ఇంకో కండె తీసుకుంది.

"మన ఇంటి ముందర రంగునీళ్ళ కాలువే. ఇంగేం కాలువ ఉండాది ఈడ?"

"ఎందుకు చెప్పినావు?"

"అడిగింది. చెప్తి."

"అడిగింది నన్ను! ఫ్రేజర్ మేడమ్ అడిగింది నన్ను వదినా!"

ఆ అరుపుకు లోపలి గదిలో మగ్గం ఆగింది. ధర్మవరంలో ఒక ఇంట్లో మగ్గం ఉన్నట్టుండి ఆగితే వీధికంతా తెలుస్తుంది. ఎదురింటావిడ చేట పట్టుకొని గడపలోకి వచ్చింది. చేటలో ఏమీ లేదు.

సంగీత అన్న బాలాజీ మగ్గం గుంతలోంచి లేచి వచ్చాడు. పెరట్లోంచి తల్లి లక్ష్మీదేవమ్మ, ఆమె వెనకాల మోచేతులదాకా ఆకుపచ్చ రంగుతో తండ్రి గంగాధరప్ప. ఆయన అప్పుడే పట్టును రంగులో ముంచుతున్నాడు.

"ఏమైందే పాపా? దొరసాని ఏమనె? సీటు ఇచ్చెనా లేదా?" అంది లక్ష్మీదేవమ్మ.

సంగీత ఏడుస్తూ చెప్పింది కాబట్టి సంగతి ముక్కలు ముక్కలుగా బయటపడింది. స్కాట్లాండులో రంగుల మీద పరిశోధన చేసే సీటు ఒకే ఒక్కటి ఉంది. ఖర్చంతా ఆ యూనివర్సిటీదే. అనంతపురంలో ఎమ్మెస్సీ ఆఖరి సంవత్సరం చదువుతున్న సంగీత అప్లై చేసింది. అక్కడి ప్రొఫెసరు ఫ్రేజర్ మేడమ్ ఫోన్‌లో మాట్లాడి చూసుకొని ఇస్తానంది.

పోయిన గురువారం లక్ష్మీదేవమ్మ సెలవులకు వచ్చిన కూతుర్ని వెంటబెట్టుకొని పెనుకొండ పోయింది, బాబయ్య సామి దర్గాలో చక్కెర మీద ఫాతిహా చదివించి పంచడానికి. సీటు రావాలని మొక్కు. సామి ఆ మొక్కు విన్నాడో లేదో గానీ, సరిగ్గా ఆ మధ్యాహ్నమే ఇక్కడ ఫోను మోగింది. మగ్గం మీద కూర్చున్నవాళ్ళు అడ్డదారం పేక వేస్తూ మధ్యలో లేవరు. రాట్నం ముందున్న ప్రమోద లేచింది. "సంగీతేనా?" అని అవతలివాళ్ళు ఇంగ్లీషులో అడిగారు. "అవును" అని ప్రమోద ఇంగ్లీషులోనే చెప్పింది.

తర్వాత, రంగునీళ్ళతో కాలువ ఏమైపోతోందో చాలాసేపు చెప్పింది. ఇంట్లోవాళ్ళు ఎవరని అడిగితే రాంగ్ నంబరు అంది.

"అంతసేపు మాట్లాడేది రాంగ్ నంబరా! నేనెట్ల నమ్మితినే?" అన్నాడు బాలాజీ.

"ఈ దినం ఫోను చేసి, ఆ పొద్దు కాలువ గురించి భలే చెప్పినావు, మిగతాది చెప్పు అనె. నాకేం తెలుసు?" అంది సంగీత. "నేను బట్టీ పట్టుకున్నది ఏందో చెప్తి. ఆమె, నాకు అయోమయంగా ఉండాది, మంగళవారం ఇంగొగసారి చేస్తా, అప్పుడు చెప్తా ఏ సంగతీ అనె. పోయినట్లే నాయనా. నా సీటు పోయినట్లే."

లక్ష్మీదేవమ్మ కోడలి వైపు తిరిగింది. "ఏమ్మా, ఇంటి బిడ్డ నోటికాడి కూడు లాక్కుంటావా? దొంగగొంతు పెట్టుకొని మాట్లాడతావా?"

"నా గొంతే అత్తా. దొంగగొంతు కాదు."

"ఎందుకు మాట్లాడితివి? అది చెప్పు చాలు," అన్నాడు బాలాజీ.

ప్రమోద కండెకు దారం తగిలించింది. చెప్పే జవాబు ఉంది గానీ, అది నలుగురిలో చెప్పేది కాదు. నీ పేరు సంగీతేనా అని ఎవరో దూరదేశం నుంచి అడిగినప్పుడు, ఒక్క క్షణం అవునని అనాలనిపించింది. అంటే ఎట్లుంటుందో చూడాలనిపించింది. అన్నాక ఆపబుద్ధి కాలేదు.

"నీకెందుకే ఆ ఇంగ్లీషు? మగ్గం కాడ అంచు వెయ్యి పో, పొద్దుపోతాంది," అని బాలాజీ తిరిగి మగ్గం గదిలోకి పోయాడు.

ప్రమోద కదల్లేదు. "నాకు ఒళ్ళు బాగలేదు," అంది.

* * *

అసూయ ఎక్కడ మొదలైందని అడిగితే ప్రమోద చెప్పలేదు. హిందూపురం డిగ్రీ కాలేజీలో మాత్రం అది లేదు. ఉండాల్సిన అవసరం లేదు మరి. మూడేళ్ళూ ఒకే బెంచీ. మూడేళ్ళూ ప్రమోద ఫస్టు, సంగీత సెకండు. బెల్లం మండీలో గుమాస్తాగా ఉన్న ప్రమోద తండ్రి ఈశ్వరప్ప, కూతురి ఫస్టు ర్యాంకు కబురు మండీ అంతా తిరిగి చెప్పేవాడు.

మా అన్నను చేసుకోవే, ఇద్దరం ఒకే ఇంట్లో ఉండి చదువుకోవచ్చు అని సంబంధం తెచ్చింది సంగీతే. రెండు వేల ఒకటి జూన్‌లో పెళ్ళి. ఎమ్మెస్సీ ఎంట్రన్సు కూడా ఆ వారమే. పెళ్ళికూతురు పరీక్ష రాయలేదు, ఆడపడుచు రాసింది.

అప్పట్నుంచీ ప్రతి శనివారం సంగీత అనంతపురం నుంచి వస్తుంది. బ్యాగులోంచి పుస్తకాలు తీసి మంచం మీద పడేస్తుంది. హాస్టల్లో కూర బాగలేదని విసుక్కుంటుంది. ప్రమోద ఆమె చుడీదార్లు ఉతుకుతుంది, ఇస్త్రీ చేస్తుంది, ఎవరూ చూడకుండా పుస్తకాల్లో మొదటి పేజీలు తిప్పుతుంది. ఇదంతా ఎట్లాగో ఓర్చుకుంది గానీ, స్కాట్లాండు అన్న మాట ఇంట్లోకి వచ్చిన రోజు నుంచి అన్నం సయించలేదు.

చలికి కావాలని లక్ష్మీదేవమ్మ బెంగుళూరు నుంచి నీలం స్వెట్టరు తెప్పించింది. ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు ప్రమోద దాన్ని వేసుకుంది. ఎండాకాలం ధర్మవరంలో స్వెట్టరు! అద్దం ముందు చెమటలు కారుతుంటే అట్లాగే నిలబడింది. తనకు బాగుంది. సంగీతకంటే బాగుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేక, విప్పి మడతపెట్టి పెట్టెలో పెట్టేసింది.

* * *

మర్నాడు కూడా ప్రమోద మగ్గం దగ్గరికి రాలేదు.

మగ్గం మీద ఉన్నది పెళ్ళి చీర. ఒంటికి ఒక రంగు, అంచుకు ఒక రంగు. అట్లాంటి చీరకు ఇద్దరు కావాలి. మధ్యలో కూర్చొని ఒళ్ళు నేసేవాడు ఒకడు, అంచు పక్కన కూర్చొని ప్రతి పేకకూ అంచు దారం ఉన్న నాడెను విసిరేవాళ్ళు ఒకరు. చీర పూర్తయ్యాక బజారులో బాలాజీ నేసిన చీర అంటారు. అంచు విసిరినవాళ్ళ పేరు ఎవరూ అడగరు. అమావాస్యనాడు మగ్గం ముట్టరు కాబట్టి ఆ లోపలే చీర దించాలని బాలాజీ తొందర.

"నేను కూర్చుంటా అన్నా," అంది సంగీత.

"నీకొస్తుందా? మరిచిపోయింటావు."

"చిన్నప్పుడు వేయలేదా నేను? వదిన లేకుంటే ఇంట్లో పని జరగదా ఏం?"

అంచు పక్కన పీట మీద సర్దుకొని కూర్చుంది. ప్రమోద వంటింటి గడప దగ్గర చిక్కుడుకాయలు ముందేసుకొని కూర్చుంది. అక్కడి నుంచి మగ్గం గది బాగా కనిపిస్తుంది.

మొదటి నాలుగు పేకలు బాగానే పోయాయి.

"లాగద్దు," అన్నాడు బాలాజీ.

"లాగలేదు అన్నా."

"లాగతాండావు. అంచు లోపలికి ముడుసుకుంటాంది చూడు."

"సరే."

"ఇప్పుడు వదులైపాయె! నేను చెప్పేది వింటాండావా లేదా?"

టప్పుమని దారం తెగింది. బాలాజీ వంగి అతికాడు. మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ తెగింది. ప్రమోద చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తల వంచుకుంది. లోపల ఎంత హాయిగా ఉందో చెప్పలేం. పెళ్ళయ్యాక ఈ ఇంట్లో ఆమెకు ఇంత హాయి ఎప్పుడూ కలగలేదు.  వెంటనే అందుకు సిగ్గు వేసింది, అయినా తల ఎత్తి మళ్ళీ చూసింది.

"లెయ్, లెయ్," అన్నాడు బాలాజీ విసుగ్గా. "వేసినదంతా విప్పాల. ప్రమోద కూర్చుంటే నేను నోరు తెరిచే పనే ఉండదు. ఆమె చేతికే తెలుస్తాది."

పెళ్ళాం వినాలని అన్న మాట కాదది. విన్నదని తెలిస్తే మళ్ళీ ఎప్పుడూ అనడు. ప్రమోద విన్నది. సంగీత కూడా విన్నది.

సంగీత లేచి నేరుగా పెరట్లోకి వచ్చింది. ప్రమోద చిక్కుడుకాయల చేట ఎత్తుకొని ఆమె వెనకాలే వెళ్ళింది.

"సంతోషమాయెనా?" అంది సంగీత.

"దేనికి?"

"ఈడ గూడా నువ్వే ఫస్టు అనిపించుకుంటివి కదా."

"నేనేమన్నా కూర్చోమంటినా నిన్ను?"

"ఫోన్‌లో ఆమె ఏమనెనో చెప్పల్నా? ఇట్ల మాట్లాడే అమ్మాయిని నేను శానా ఏండ్లకు చూసినా అనె. నేను ఆ మాట వింటా నిలబడితి. నాకు చెప్తాంది అనుకుంటి. నిన్ను పొగుడుతాంది అని తర్వాత తెలిసె." సంగీత కళ్ళు తుడుచుకోలేదు. "మూడేండ్లు నీ పక్కన కూర్చుంటి ప్రమోదా. లెక్చరర్లు నన్ను ప్రమోద ఫ్రెండు అనేవాళ్ళు. నా పేరు గూడా తెలీదు వాళ్ళకు. మా అన్నతో నీకు పెళ్ళి అని ఖాయమైనప్పుడు నేను ఎంత సంతోషపడితినో తెలుసా? అన్న కోసరం కాదు."

రెండేళ్ళలో మొదటిసారి ఆమె వదినా అనకుండా పేరు పెట్టి పిలిచింది. ప్రమోద అది గమనించింది. మిగతా మాటల కంటే అదే ఎక్కువ గుచ్చుకుంది.

"మరి ఎవురి కోసరం?" అంది.

గంగాధరప్ప అటువైపు రంగునీళ్ళ తొట్టి ఒంపాడు. ఆకుపచ్చ నీళ్ళు వాళ్ళిద్దరి కాళ్ళ మధ్యనుంచి కాలువలోకి పోయాయి.

"మంగళవారం నువ్వే మాట్లాడు," అంది సంగీత.

"ఎవురి పేరుతో?"

"నా పేరుతోనే. ఆమెకు ఆ గొంతే గుర్తు. నేను మాట్లాడితే ఇచ్చేది గూడా ఇయ్యదు. ఈ ఒగసారి మాట్లాడితే చాలు. ఆడికి పోయినాక నా తిప్పలు నేను పడతా."

ప్రమోద నవ్వింది. నవ్వు ఆపుకోవాలనుకున్నా ఆగలేదు.

"నేను మాట్లాడితే నువ్వు పోతావు. మాట్లాడకుంటే నువ్వు పోవు. నేను మాత్రం ఈడనే చిక్కుడుకాయలు ఒలుచుకుంటా ఉంటా. అంతే కదా?"

"నేను పోయినాక నిన్ను గూడా..."

"పిలిపించుకుంటావా? పెళ్ళికి ముందర గూడా ఇట్లే చెప్తివి. ఇద్దరం ఒకే ఇంట్లో ఉండి చదువుకుందామంటివి. చదువుకుంటిమి కదా."

చేట ఎత్తుకొని లోపలికి పోయింది. మాట్లాడతానని గానీ, మాట్లాడనని గానీ చెప్పలేదు.

* * *

మంగళవారం అమావాస్య. వీధిలో ఒక్క మగ్గం చప్పుడు లేదు.

మగ్గాలకు పసుపూ కుంకుమా పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఇంటిల్లిపాదీ ఫోను ఉన్న గదిలో చేరారు. మాట్లాడేది వదినే అని సంగీత ఇంట్లో చెప్పేయడంతో, దొంగగొంతు అని తిట్టిన లక్ష్మీదేవమ్మ కోడలికి తనే కాఫీ కలిపి తెచ్చింది, అదీ చక్కెర ఎక్కువేసి.

"తాగమ్మా. గొంతు ఎండకపోతే బాగ మాట్లాడొచ్చు."

"ఒగరి పేరుతో ఇంగొగరు మాట్లాడేది తప్పు కాదా?" అన్నాడు గంగాధరప్ప. ఈ గొడవ మొదలయ్యాక ఆయన నోరు విప్పడం ఇదే మొదటిసారి.

"ఏం తప్పు? ఒగ ఇంటోళ్ళే కదా! వదిన మాట్లాడితే ఏం, ఆడబిడ్డ మాట్లాడితే ఏం?" అంది లక్ష్మీదేవమ్మ.

"చదువుకునేది ఎవురో ఆమెకు తెలియాల కదా."

"నువ్వు ఊరకుండు. బిడ్డ పోయేటప్పుడు అపశకునం మాటలు."

ఆయన తువ్వాలు భుజాన వేసుకొని కిటికీ దగ్గర కూర్చున్నాడు. బాలాజీ పెళ్ళాం పక్కకు వచ్చి నెమ్మదిగా, "ఆ పొద్దు ఏదో కోపంలో అంటి. మనసులో పెట్టుకోవద్దు. బాగ మాట్లాడు," అన్నాడు.

"మీ చెల్లెలి కోసరమా?"

"మన ఇంటి కోసరం."

ప్రమోద తల ఊపింది. ఒంటి మీద ఉతికిన చీర, తలలో లక్ష్మీదేవమ్మ పెట్టిన మల్లెపూలు. పెళ్ళిచూపుల్లో కూడా ఇంతమంది ఆమె నోటివైపు ఇట్లా చూడలేదు. సంగీత పక్కనే ఆనుకొని కూర్చుంది. రిసీవరుకు రెండోవైపు తనూ చెవి పెట్టి వినాలని అనుకున్నారు.

మూడు దాటాక ఫోను మోగింది. ప్రమోద ఎత్తింది.

"హలో, సంగీతేనా?" ఫ్రేజర్ మేడమ్ గొంతు. దూరం నుంచి వచ్చినా స్పష్టంగా ఉంది.

సంగీత పెదవులు కదిలాయి, యస్ అను, యస్ అను అని.

"కాదు మేడమ్," అంది ప్రమోద ఇంగ్లీషులో. "నా పేరు ప్రమోద. సంగీత మా ఆడపడుచు. మొదటిసారి మీతో మాట్లాడింది నేను. రెండోసారి మాట్లాడింది సంగీత."

గదిలో ఇంగ్లీషు తెలిసినవాళ్ళు ఇద్దరే. వాళ్ళలో ఒకామె ముఖం పాలిపోయింది. మిగతావాళ్ళు నవ్వుముఖాలతో వింటున్నారు. "ఎంత గడగడ మాట్లాడతాంది చూడు," అని లక్ష్మీదేవమ్మ మొగుడి చెవిలో మెచ్చుకోలుగా అంది.

ప్రమోద మంచితనంతో నిజం చెప్పిందనుకుంటే పొరపాటు. ఆడపడుచు సీటు చెడగొట్టాలని చెప్పిందనుకున్నా పొరపాటే. ఆ మేడమ్ పొగిడింది తనను. ఆ పొగడ్త ఇంకొకరి పేరు మీద స్కాట్లాండులో ఉండిపోవడం ఆమె ఓర్చుకోలేకపోయింది, అంతే. ఇంకో మాట కూడా పొద్దున్నుంచి ఇంగ్లీషులో కూర్చుకొని పెట్టుకుంది, తప్పు నాది, సంగీత బాగా చదువుతుంది, ఆమెను తీసెయ్యొద్దు అని. అది చెప్పడానికి నోరు తెరిచింది.

అంతలో ఫ్రేజర్ మేడమ్ అడిగింది.

"కాలువ గురించి చెప్పింది మీరేనా?"

"నేనే మేడమ్."

"మీరేం చదివారు?"

"బీయస్సీ. కాలేజీ ఫస్టు."

ఆ గొంతు ఈసారి చాలా మెల్లగా వచ్చింది. "అయితే ప్రమోదా, మీరెందుకు అప్లై చేయలేదు?"

రెండేళ్ళలో ఆమెను ఎవరూ ఈ ప్రశ్న అడగలేదు. పుట్టింటివాళ్ళు అడగలేదు, మొగుడు అడగలేదు, పక్కన చెవి పెట్టి వింటున్న స్నేహితురాలు అడగలేదు. కూర్చుకొని పెట్టుకున్న మాటలన్నీ ప్రమోద మరిచిపోయింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చెప్పడానికి చాలా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, గట్టిగా ఊపిరి తీసుకొని, "మేడమ్, నేను..." అంది.

సంగీత చున్నీ చాటున చెయ్యి చాచి, ఫోను మీది మీట వేలితో నొక్కింది.

లైను తెగిపోయింది.

"ఏమైంది? ఏమనె ఆమె?" అన్నాడు బాలాజీ.

"కట్టయిపాయె అన్నా," అంది సంగీత. "లైను బాగలేదు."

"సీటు సంగతి చెప్పెనా లేదా?"

"చెప్పేలోపలే కట్టయిపాయె."

ప్రమోద ఆమె వైపు చూసింది. సంగీత వేలు ఇంకా ఫోను మీదే ఉంది. దాన్ని మెల్లగా తీసి ఒళ్ళో దాచుకుంది. ఆమె కళ్ళల్లో ఉన్నదేమిటో ప్రమోదకు ఎవరూ చెప్పనక్కర్లేదు. రెండేళ్ళుగా రోజూ అద్దంలో చూసుకుంటున్నదే.

ప్రమోద రిసీవరు కింద పెట్టేసింది.

పెట్టీ పెట్టకముందే ఫోను మళ్ళీ మోగింది. ఇద్దరూ కదల్లేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ అట్లాగే కూర్చున్నారు. ఫోను మోగుతూనే ఉంది.

"మోగతాందే!" అంది లక్ష్మీదేవమ్మ కంగారుగా. "ఎత్తండమ్మా ఎవురో ఒగరు! ఎవురు మాట్లాడితే ఏం?"